సియాటిల్ నుంచి అలాస్కా క్రూజ్: ఇద్దరికీ పనికొచ్చిన వివరాలు

అలాస్కా క్రూజ్ అనగానే చాలామంది ముందు ఓడ చూస్తారు. ఎన్ని అంతస్తులు, ఎన్ని రెస్టారెంట్లు, పైన వాటర్ స్లైడ్ ఉందా లేదా అని. తిమింగలాలు, గ్లేసియర్లు, అడవి చూడాలని బయల్దేరే జంటకైతే మేం చెప్పేది ఇదే: ముందు రూటు చూడండి, ఓడ సంగతి తర్వాత. ఏడు రాత్రుల ప్రయాణంలో గ్లేసియర్ బే రోజు ఉందా, అలాస్కా రాజధాని జూనోలో ఓడ ఎన్ని గంటలు ఆగుతుంది, రేవుకు పొద్దున్నే చేరుతుందా మధ్యాహ్నం దాటాకా అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే ఎంపిక సగం అయిపోయినట్టే.

గ్లేసియర్ బే నేషనల్ పార్కులోకి రోజుకు రెండు పెద్ద క్రూజ్ ఓడలకే అనుమతి. ఆ అనుమతుల్లో ఎక్కువ భాగం ప్రిన్సెస్, హాలండ్ అమెరికా కంపెనీల దగ్గర ఉంటాయి. మిగతా కంపెనీల్లో చాలా ఓడలు ఎండికాట్ ఆర్మ్‌కో, హబ్బర్డ్ గ్లేసియర్‌కో వెళ్తాయి. అవీ బాగుంటాయి. కాకపోతే ఎండికాట్ ఆర్మ్ సన్నటి ఫియర్డ్, అంటే నిటారు కొండల మధ్య సముద్రపు పాయ. నీళ్లలో మంచు గడ్డలు ఎక్కువగా తేలుతుంటే కెప్టెన్ గ్లేసియర్ దాకా పోకుండా మధ్యలోనే ఓడ తిప్పేస్తాడు. గ్లేసియర్ బేలో లోయ వెడల్పు, ఓడ లోపల తొమ్మిది పది గంటలు ఉంటుంది, పార్కు రేంజర్లు ఎక్కి మైకులో వివరిస్తారు. ఇద్దరికీ ప్రకృతి మీదే ఆసక్తి అయితే టికెట్టు కొంచెం ఎక్కువైనా దీనికే పెట్టండి. డబ్బు తగ్గించుకోవాలంటే స్పెషాలిటీ డిన్నర్లు, డ్రింక్స్ ప్యాకేజీ మానేయొచ్చు.

ఇక కాగితాలు. మనవాళ్ల ప్రయాణాలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. పెద్ద క్రూజ్ ఓడలన్నీ దాదాపుగా వేరే దేశంలో రిజిస్టరై విదేశీ జెండాతో తిరిగేవే. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం అలాంటి ఓడ సియాటిల్‌లో జనాన్ని ఎక్కించుకుని మళ్లీ సియాటిల్‌లోనే దించాలంటే మధ్యలో ఒక విదేశీ రేవు తగలాలి. అందుకే చివరి సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో కొన్ని గంటలు ఆగుతుంది. ఇండియన్ పాస్‌పోర్టుతో హెచ్-1బీ, ఎఫ్-1, బీ-2 లాంటి అమెరికా వీసాల మీద ఉన్నవాళ్లకు ఆ కాసేపటికి కూడా కెనడా విజిటర్ వీసా కావాలి. ఒడ్డున కాలు పెట్టం, క్యాబిన్‌లోనే కూర్చుంటాం అంటే కుదరదు. వీసా లేకపోతే సియాటిల్ చెకిన్ కౌంటర్‌లోనే వెనక్కి పంపేస్తారు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు కెనడా వీసా అక్కర్లేదు. గడువున్న పాస్‌పోర్టు, గడువున్న కార్డు రెండూ చేతిలో ఉండాలి. వీసాకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి వేలిముద్రలు ఇవ్వాలి. ఫీజు మనిషికి 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకు ఇంకో 85. ఒకసారి ఇచ్చిన వేలిముద్రలు 10 ఏళ్లు పనికొస్తాయి. కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టండి. క్రూజ్ బాలెన్స్ కట్టే గడువు లోపల వీసా చేతికొచ్చేలా చూసుకుంటే, రాకపోయినా పెద్దగా నష్టం లేకుండా రద్దు చేసుకోవచ్చు.

పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు గడువు అయిపోయినవాళ్లు కంగారు పడక్కర్లేదు. ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువులో ఉండి, కెనడాలో 30 రోజులు మించకుండా తిరిగొస్తే ఆటోమేటిక్ రీవాలిడేషన్ కింద లోపలికి రానిస్తారు. కెనడాలో ఉండగా కొత్త అమెరికా వీసాకు దరఖాస్తు పెట్టినవాళ్లకు మాత్రం ఇది వర్తించదు. ఓడ చెకిన్ సిబ్బందిలో అందరికీ ఈ నియమం తెలియదు కాబట్టి, ఐ-94, ఐ-797 (హోదా ఆమోదించినట్టు వచ్చే నోటీసు)లతో పాటు ఆ నియమం ఉన్న ప్రభుత్వ పేజీని కూడా ప్రింటు తీసి పెట్టుకోండి. ఓడ ఆగే ఇంకో రేవు స్కాగ్వేలో వైట్ పాస్ కొండ రైలు టికెట్టు కొనేటప్పుడూ ఇదే జాగ్రత్త. శిఖరం దాకా వెళ్లి అలాగే వెనక్కి వచ్చే రైలుకైతే కాగితాల గొడవ ఉండదు. కెనడా వైపున్న ఫ్రేజర్, కార్‌క్రాస్ దాకా వెళ్లే టూరు సరిహద్దు దాటుతుంది.

ఏ నెల మంచిదని అడిగితే, ఏం చూడాలనుకుంటున్నారు అన్నదాని మీద ఉంటుంది. మే నెలలో వానలు తక్కువ, కొండల మీద మంచు ఇంకా కరగదు, ఎత్తు ట్రెయిళ్లు సగంలోనే మూసుకుపోయి ఉంటాయి. జూన్‌లో జూనోలో పగలు 18 గంటలు, రాత్రి పది దాకా వెలుతురే. జులై మధ్య నుంచి ఆగస్టు దాకా సాల్మన్ చేపలు వాగుల్లోకి ఎదురీదుతాయి, వాటి కోసం ఎలుగుబంట్లు దిగుతాయి. సెప్టెంబరులో ధరలు తగ్గుతాయి, వానలు పెరుగుతాయి. తిమింగలాలు మాత్రం మే నుంచి సెప్టెంబరు దాకా ఉంటాయి. ఎలుగుల కోసమైతే జులై ఆఖరు, తీరిగ్గా నడవడానికైతే జూన్ అని మా లెక్క.

సియాటిల్ ఓడలు ఎక్కువగా వాంకూవర్ ద్వీపానికి పడమటి వైపు, అంటే అడ్డులేని పసిఫిక్ సముద్రం మీదుగా పైకి వెళ్తాయి. వాంకూవర్‌లో బయల్దేరే ఓడలు ద్వీపానికీ ఒడ్డుకీ మధ్యనున్న ప్రశాంతమైన దారిలో పోతాయి. కాబట్టి సియాటిల్ ఓడలో మొదటి రాత్రి, మర్నాడు ఊపు ఉంటుంది. ఊపు పడనివాళ్లు ఓడ మధ్య భాగంలో కింది అంతస్తు క్యాబిన్ తీసుకోవాలి. ముందు కొస, పై అంతస్తులు ఎక్కువ ఊగుతాయి. డాక్టర్ని అడిగి మెక్లిజిన్ మాత్ర వాడేటట్టయితే ఊపు మొదలవకముందే వేసుకోవాలి. వాంతులు మొదలయ్యాక కడుపులో నిలవదు. బాల్కనీ క్యాబిన్ ఏ వైపు అన్నది పెద్ద విషయం కాదు. వెళ్లేటప్పుడు కుడివైపు కనిపించిన ఒడ్డు వచ్చేటప్పుడు ఎడమకు వస్తుంది, గ్లేసియర్ ముందు ఓడ తన చుట్టూ తానే తిరుగుతుంది.

బట్టల్లో కాటన్ వద్దు. జీన్స్ ఒకసారి తడిస్తే రోజంతా ఆరదు, చలి ఎముకల్లోకి దిగుతుంది. లోపల ఉన్ని లేదా పాలియెస్టర్ థర్మల్, దాని మీద ఫ్లీసు, పైన టోపీ ఉన్న వాన జాకెట్టు, వాన ప్యాంటు. ఈ మూడు పొరలతో జులైలో 15 డిగ్రీల వాన, గ్లేసియర్ ముందు డెక్కు మీద 5 డిగ్రీల గాలి రెండూ గట్టెక్కుతాయి. గొడుగు ఇక్కడ పనికిరాదు, గాలికి తిరగబడుతుంది. బూట్లు నీళ్లు దిగనివై ఉండాలి, అడుగున గట్టి గాట్లు ఉండాలి. ఈ అడవుల్లో చెక్క బాటలు ఎప్పుడూ తడిగా, నాచు పట్టి ఉంటాయి. మామూలు వాకింగ్ షూస్‌తో జారిపడటం ఖాయం.

బైనాక్యులర్స్ ఒకటి కాదు, రెండు కావాలి. ఒకటే ఉంటే ఒకరు చూసి రెండోవారి చేతికిచ్చేసరికి తిమింగలం మునిగిపోతుంది. 8x42 సరైన సైజు. 10x అయితే ఓడ ఇంజన్ అదురుకు బొమ్మ వణికిపోతుంది. కెమెరాకు 300-400 ఎం.ఎం. లెన్సు, షట్టర్ సెకనులో వెయ్యో వంతుకు తగ్గకుండా. చలి డెక్కు మీంచి వెచ్చటి క్యాబిన్‌లోకి వచ్చేముందు కెమెరాను జిప్ కవర్లో పెట్టి మూసేయండి. తేమ కవరు మీదే పేరుకుంటుంది, లెన్సు మీద కాదు. అరగంట ఆగి తీస్తే చాలు.

ఇప్పుడు అసలు పని, చూడటం. హంప్‌బ్యాక్ తిమింగలాలు చలికాలం హవాయి దగ్గర పిల్లల్ని కని, వేసవికి మేత కోసం ఇక్కడికి వస్తాయి. అక్కడ దాదాపు ఏమీ తినవు కాబట్టి ఇక్కడ వాటికి రోజంతా తిండే పని. సముద్రంలో చేప కోసం వెతికినట్టు వెతికితే దొరకవు, ఆవిరి కోసం వెతకాలి. ఊపిరి వదిలినప్పుడు మనిషికి రెండింతల ఎత్తున, కుక్కర్ వెయిట్ ఎత్తేసినట్టు తెల్లగా ఒక్కసారి లేచి గాలికి పక్కకు వాలిపోతుంది. వెనక ముదురు కొండ ఉన్న వైపు చూస్తే ఆ తెలుపు బాగా తెలుస్తుంది. తెల్లటి ఆకాశం కింద దాదాపు కనపడదు. అలా మూడు నాలుగు సార్లు ఊపిరి తీసుకుంటుంది. ఆ తర్వాత వీపును మామూలు కన్నా ఎత్తుగా వంచిందంటే తోక లేవబోతోందని అర్థం. కెమెరా అప్పుడు ఎత్తాలి, తోక లేచాక కాదు. తోక నిలువుగా లేచి మునిగిందంటే లోతుకు వెళ్లినట్టే. అయిదు నుంచి పది నిమిషాల దాకా పైకి రాదు. మునిగిన చోటే చూస్తూ కూర్చోకుండా, అది వెళ్తున్న దిశలో ముందుకు చూడాలి. తోక అడుగు భాగంలో నలుపు తెలుపు మచ్చలు ఒక్కో దానికి ఒక్కో రకం. పరిశోధకులు వాటిని బట్టే గుర్తుపడతారు.

ఇద్దరున్నప్పుడు పని పంచుకోవచ్చు. ఒకరు ఉత్త కళ్లతో నీళ్ల మీద నెమ్మదిగా ఈ చివర నుంచి ఆ చివరకు చూపు తిప్పుతుంటారు, ఇంకొకరు అనుమానం వచ్చిన చోట బైనాక్యులర్స్ పెడతారు. పావుగంటకోసారి మారాలి, లేకపోతే కళ్లు అలిసిపోతాయి. ‘అదిగో, అక్కడ’ అంటే ఎదుటివారికి ఏమీ అర్థం కాదు. ఓడ ముక్కు పన్నెండు గంటలు, కుడి పక్క మూడు, తోక ఆరు అనుకుని ‘రెండు గంటల దగ్గర, ఒడ్డుకు సగం దూరంలో’ అని చెప్పాలి. ఈ అలవాటు మొదటి రోజే చేసుకుంటే మిగతా రోజుల్లో చూసేవి రెట్టింపవుతాయి.

నీళ్ల మీద ఒకేచోట సీగల్స్ గుంపుగా అరుస్తూ తిరుగుతుంటే కళ్లు అక్కడే పెట్టండి. హంప్‌బ్యాక్‌లు కలిసి బుడగలతో వలయం వేసి హెర్రింగ్ చేపల్ని మధ్యలోకి తరిమి, నోళ్లు తెరుచుకుని ఒక్కసారి పైకి లేచేది అలాంటి చోట్లే. చిన్నగా, నల్లగా తెల్లగా ఓడ ముందు నీళ్లు చిమ్ముతూ దూసుకుపోయేవాటిని ఓర్కా (కిల్లర్ వేల్) పిల్లలనుకుంటారు. అవి డాల్ఫిన్ లాంటి డాల్స్ పోర్పస్‌లు. మగ ఓర్కా వీపు రెక్కే ఆరడుగుల దాకా నిటారుగా ఉంటుంది, చూశాక ఇంకోదానితో పొరపడరు. ఎలుగుబంట్లు పోటు తగ్గినప్పుడు ఒడ్డున రాళ్లు తిరగేస్తూ తిరుగుతాయి. ఫోన్‌లో టైడ్ పట్టిక దింపుకుని, పోటు తగ్గిన వేళ, అందులోనూ తెల్లవారుజామున ఒడ్డు దగ్గరగా ఉన్నప్పుడు డెక్కు మీదుండండి. పొద్దున అయిదు నుంచి ఏడు దాకా డెక్కులన్నీ ఖాళీ. మేం చూసినవాటిలో మంచివి ఎక్కువగా ఆ రెండు గంటల్లోవే. పై అంతస్తులో అద్దాల లాంజ్ వెచ్చగా ఉంటుంది కానీ అద్దంలో మన ముఖాలే కనిపిస్తాయి. కింద ప్రొమెనాడ్ డెక్కు మీద నిలబడితే నీళ్లు దగ్గర, ఊపిరి శబ్దం కూడా వినపడుతుంది.

గ్లేసియర్ బే రోజున ఓడ పొద్దున్నే బార్ట్‌లెట్ కోవ్ దగ్గరికి చేరుతుంది, రేంజర్లు చిన్న బోటులో వచ్చి ఎక్కుతారు. 1794లో కెప్టెన్ జార్జ్ వాంకూవర్ నావికులు వచ్చినప్పుడు ఈ సముద్రపు లోయ లేనే లేదు. మంచు దాదాపు ముఖద్వారం దాకా నిండి ఉంది. 1879లో ప్రకృతి పరిశీలకుడు జాన్ ముయిర్ వచ్చేసరికి అది 40 మైళ్ల పైగా వెనక్కి పోయింది. ఇప్పుడు ఓడ వెళ్లేదంతా మంచు ఖాళీ చేసిన దారే. లోపలికి పోయేకొద్దీ చెట్లు కురచవుతూ, పొదలై, చివరికి ఉత్త రాయి మిగులుతుంది. మంచు ఎప్పుడు వెళ్లిపోయిందో ఆ పచ్చదనాన్ని చూసే చెప్పొచ్చు. ఈ మార్పు చూడాలంటే గ్లేసియర్ వచ్చేదాకా టిఫిన్ల దగ్గర కూర్చోకూడదు. దారిలో సౌత్ మార్బుల్ ద్వీపం మీద సీ లయన్లు, పఫిన్ పక్షులు ఉంటాయి. గ్లూమీ నాబ్ అనే బోడి కొండ మీద తెల్ల చుక్క కదిలితే అది కొండమేక. అంతకు ముందు నీళ్లలో వెల్లకిలా తేలుతూ కనిపించేవి సీ ఆటర్లు, అంటే సముద్రపు నీటికుక్కలు.

మార్జరీ గ్లేసియర్ ముందు ఓడ దాదాపు గంట ఆగుతుంది. ముఖం ఒక మైలు వెడల్పు, నీటి పైన 250 అడుగుల ఎత్తు. పక్కనే మట్టి కొండలా నల్లగా ఉన్నది గ్రాండ్ పసిఫిక్ గ్లేసియర్, చాలామంది దాన్ని గ్లేసియర్ అనే అనుకోరు. మంచు విరిగిపడేది చూడాలంటే శబ్దం కోసం ఎదురుచూడొద్దు. పావు మైలు దూరంలో ఉన్నా శబ్దం రావడానికి సెకను పైగా పడుతుంది. ఉరుము వినిపించి తల తిప్పేసరికి మంచు నీళ్లలో ఉంటుంది. ముందుగా చిన్న చిన్న ముక్కలు రాలుతున్న చోటు, నిలువు పగుళ్లతో ముందుకు వంగిన స్తంభం, కొత్తగా బయటపడి ముదురు నీలంగా ఉన్న గోడ చూసుకుని అక్కడే కళ్లు పెట్టాలి. మంచు పడ్డాక కిట్టివేక్ పక్షులు గుంపుగా ఆ చోటు మీదికి దిగుతాయి. పడ్డ వేగానికి పైకి తేలిన చేపలూ రొయ్యలూ వాటికి విందు. జాన్స్ హాప్కిన్స్ పాయలోకి మే 1 నుంచి ఆగస్టు 31 దాకా క్రూజ్ ఓడల్ని రానివ్వరు, అక్కడి మంచు పలకల మీద సీల్స్ పిల్లల్ని పెంచుకుంటాయి. దూరం నుంచే చూపిస్తారు. అది సరైన నియమం.

జూనోలో మేం పూర్తిగా నమ్మేది విడివిడి టూర్లను. తిమింగలాలు, మెండెన్‌హాల్ గ్లేసియర్ రెండూ కలిపిన టూరులో గ్లేసియర్ దగ్గర ఎన్ని నిమిషాలు ఇస్తారో కొనేముందే చూడండి. 45 నిమిషాలైతే ఫొటో పాయింటుకే సరి. నగెట్ ఫాల్స్ దాకా రానూపోనూ రెండు మైళ్లు, దారి చదునుగా ఉంటుంది, జలపాతం కింద కాసేపు నిలబడి రావడానికి గంటన్నర కావాలి. జలపాతం ఎత్తు 377 అడుగులు, దగ్గరికి వెళ్తే తుంపర్లకు కెమెరా తడుస్తుంది. స్టీప్ క్రీక్ చెక్క బాట చిన్నదే, కానీ జులై ఆఖరు నుంచి సాకై సాల్మన్ ఎర్రగా వాగులో నిండినప్పుడు నల్ల ఎలుగులు సరిగ్గా బాట కిందికి వస్తాయి. అక్కడ తినుబండారాలు బయటికి తీయొద్దు. ఆగస్టులో ఎగువన సూసైడ్ బేసిన్ అనే పల్లంలో నిండిన నీళ్లు గ్లేసియర్ కింద నుంచి ఒక్కసారిగా వచ్చి వరదలవుతున్నాయి. 2011 నుంచి ఇది జరుగుతోంది, ఈ మధ్య బాగా పెరిగింది. ట్రెయిళ్లు తెరిచి ఉన్నాయో లేదో ముందురోజు చూసుకోండి. వేల్ వాచ్ బోట్లు ఊళ్లోంచి కాదు, ఆక్ బే నుంచి బయల్దేరతాయి. బస్సు అరగంట, బోటు రెండున్నర మూడు గంటలు. తిమింగలానికి 100 గజాల లోపలికి పోకూడదని నియమం. దాన్ని పాటించి ఇంజన్ ఆపి నిలబడే బోటే మంచి బోటు.

సొంతంగా తిరిగేటప్పుడు టైము సంగతి. అలాస్కా టైము సియాటిల్ కన్నా ఒక గంట వెనక. ఓడ గడియారం ఏది చెబితే అదే లెక్క. ఫోన్ మీద ఆధారపడకుండా చేతి గడియారం ఒకటి ఓడ టైముకు పెట్టుకోండి. బయల్దేరే టైముకు అరగంట ముందే అందరూ ఎక్కేయాలి. ఓడవాళ్ల టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మీరు విడిగా కొన్న టూరుకు ఆగదు. మేం ఎక్కేసే టైముకు ఇంకో గంటన్నర ముందే ఊళ్లోకి చేరేలా చూసుకుంటాం.

స్కాగ్వేలో రేవు నుంచే నడిచి లోయర్ డ్యూయీ లేక్‌కు వెళ్లొచ్చు. ముప్పావు మైలులోపే, కానీ 500 అడుగులు నిటారుగా ఎక్కుడు. పైకి చేరాక చెరువు చుట్టూ దారి చదునే.

కెచికన్ వానల ఊరు, ఏడాదికి 140 అంగుళాల పైనే. టాంగస్ అడవి అంటే ఏమిటో తెలిసేది ఇక్కడే. సిట్కా స్ప్రూస్, హెమ్లాక్ చెట్ల మీద మూరెడు నాచు, కూలిన మొద్దు మీదే వరసగా మొలిచిన కొత్త మొక్కలు. డీర్ మౌంటెన్ ట్రెయిల్ శిఖరం 3,000 అడుగులు. ఓడ మీద వచ్చినవాళ్లు మొదటి మైలు దగ్గరున్న వ్యూ పాయింటు దాకా వెళ్లి దిగిపోతే సరి. మోకాళ్లకు ఎక్కుడు కన్నా దిగుడే కష్టం, ట్రెక్కింగ్ కర్ర తీసుకెళ్లండి. జారినప్పుడు పక్కనున్న వెడల్పాకుల మొక్కను పట్టుకోవద్దు. డెవిల్స్ క్లబ్ అయితే కాడ నిండా ముళ్లే, గుచ్చుకుంటే చీము పడుతుంది. ఎలుగును తరిమే బేర్ స్ప్రే ఓడలోకి రానివ్వరు, కావాలంటే ఊళ్లోనే చూసుకోవాలి. అంతకన్నా ముఖ్యం మాట్లాడుకుంటూ నడవడం. వాగు హోరున్న చోట, మలుపు దగ్గర గొంతు పెంచండి. ఎలుగు ఎదురైతే పరిగెత్తకుండా ఇద్దరూ దగ్గరగా నిలబడి, నెమ్మదిగా మాట్లాడుతూ వెనక్కి అడుగులేయాలి.

తిండి సంగతికి వస్తే, శాకాహారులు బుకింగ్‌లోనే ఇండియన్ వెజిటేరియన్ అని రాయించి, మొదటి రాత్రే డైనింగ్ హెడ్ వెయిటర్‌ను కలవండి. రేపటి భోజనం ఈ రాత్రే చెబితే పప్పు, కూర, అన్నం చేసి పెడతారు. కిచెన్లలో మనవాళ్లు చాలామంది ఉంటారు. రైస్ కుక్కర్, కెటిల్ సామానులో దొరికితే తీసేసుకుంటారు. సీలు వేసిన పొడులు, పచ్చళ్లు పర్వాలేదు. పండ్లు, వండిన పదార్థాలు ఒడ్డుకు తేవొద్దు.

విక్టోరియా రాత్రి చాలా ఓడలు ఎనిమిది ప్రాంతంలో చేరి అర్ధరాత్రికి బయల్దేరతాయి. దిగకపోయినా నష్టం లేదు, ఆ టైములో సామాను సర్దుకోవచ్చు. పెద్ద సూట్‌కేసులు ఆ రాత్రే తలుపు బయట పెట్టేస్తే మర్నాడు టెర్మినల్లో తీసుకోవచ్చు. మీరే మోసుకుని దిగితే ముందు వరసలో బయటపడతారు. కస్టమ్స్ లైను ఎంత పొడుగుంటుందో చెప్పలేం కాబట్టి సియాటిల్ నుంచి తిరుగు విమానం మధ్యాహ్నం పన్నెండు తర్వాతదే బుక్ చేసుకోండి.